ముంబయిలో కాలు చాపుకునే చోటుకే ఎందుకంత ధర?

ముంబయిలో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో సంతోషం వెంటే ఒక లెక్క మొదలవుతుంది. ఇక్కడి జీతం కంటే నెలకు ఓ పదిహేను వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు, అది చాలుతుందా? తెలిసినవాళ్లను అడిగితే ఒకరు "అక్కడ మనలాంటివాళ్లు బతకలేరు" అంటారు. ఇంకొకరు "వడాపావ్ తిని పూట గడుపుకోవచ్చు, రైలు పాసు కారుచవక, బతకడానికి అంతకంటే మంచి ఊరు లేదు" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే ఊరి గురించి ఈ రెండు మాటలూ ఎలా నిజమయ్యాయో తెలియకుండా జీతం లెక్క వేసుకుంటే చిక్కుల్లో పడతాం.

ముందు చవకైనవి చూద్దాం. బియ్యం, పప్పు, కూరగాయల ధరలు హైదరాబాద్‌కూ ముంబయికీ భయపడేంత తేడాగా ఉండవు. లోకల్ రైల్లో కనీస టికెట్ చాలా ఏళ్లుగా 5 రూపాయలే. విరార్ నుంచి చర్చిగేట్ దాకా 60 కిలోమీటర్లు. అంత దూరానికీ సెకండ్ క్లాసు నెల పాసు ఐదు వందల లోపే. నగర బస్సు సంస్థ బెస్ట్ కనీస చార్జీ 2025లో పెంచాక కూడా 10 రూపాయలు. తాగునీరు ఏడు జలాశయాల నుంచి, వాటిలో భాత్సా, తాన్సా, వైతరణా లాంటి దూరపు చెరువుల నుంచి కూడా వస్తుంది. కొళాయి ఉన్న ఇంటికి ఆ నీళ్ల బిల్లు భారం కాదు.

తేడా అంతా ఇంటి దగ్గరే వస్తుంది. అంధేరీలో ఒక చిన్న వన్ బీహెచ్‌కే ఈ మధ్య 40 వేలకు తక్కువలో దొరకడం కష్టం. అదే కొలతల ఇల్లు విరార్‌లో పది, పన్నెండు వేలకు దొరుకుతుంది. రెండూ వెస్టర్న్ లైన్ మీదే. ఆ రెండు స్టేషన్ల మధ్య దూరానికి నెలనెలా కట్టే వెల అది. ముంబయి ఖరీదైన ఊరు అన్నప్పుడు అసలు అర్థం, పడుకునే చోటు ఖరీదైన ఊరు అని.

సముద్రం ఎంతవరకు కారణం?

కొంతవరకే. ఏడు ద్వీపాల మధ్య నీళ్లను పూడ్చి కలిపిన నేల అది. పడమట అరేబియా సముద్రం, తూర్పున ఓడరేవు, థానే క్రీక్. వ్యాపారమంతా పుట్టింది దక్షిణపు కొసన ఉన్న ఫోర్ట్ ప్రాంతంలో. హైదరాబాద్‌లో ఆబిడ్స్ చుట్టూ పది కిలోమీటర్ల దూరంలో గుండ్రంగా గీత గీస్తే లోపల 314 చదరపు కిలోమీటర్లు వస్తుంది. చెరువులు తీసేస్తే మిగిలినదంతా నేలే. ఫోర్ట్ చుట్టూ అదే గీత గీస్తే లోపల పడేది చాలావరకు నీళ్లు. కొలాబా నుంచి మాహిం, సయాన్ దాకా ఉన్న పాత ద్వీప నగరమంతా కలిపినా దాదాపు 68 చదరపు కిలోమీటర్లే.

అందుకే ఊరు ఉత్తరానికే పెరగాల్సి వచ్చింది. అటు వెళితే నడుమ సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం, నూరు చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. దానికి పడమట ఒక పట్టీ, తూర్పున ఒక పట్టీ. ఒకదాని వెంట వెస్టర్న్ లైన్, ఇంకొకదాని వెంట సెంట్రల్ లైన్. క్రీకుల పక్కన మడ అడవులు, ఉప్పు మడులు. ఇళ్లు చాలడం లేదు కాబట్టి ఈ అడవినీ ఉప్పు మడులనూ కూడా కట్టడాలకు ఇచ్చేయాలని వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఊళ్లోంచి పారే మీఠీ నది ఒడ్డుల్ని ఎంత ఇరుకు చేశారో ఆ రోజు అందరికీ కనిపించింది. నీళ్లు పోయే దారి మూసి కట్టిన ఇల్లు చవకైన ఇల్లు కాదు.

పైగా సముద్రమే అసలు కారణమైతే సింగపూర్‌లో మామూలు ఉద్యోగి బతకకూడదు. ఆ ద్వీపం మొత్తం 730 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల. అయినా అక్కడి నివాసుల్లో నూటికి 80 మందికి దగ్గరగా ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన ఫ్లాట్లలో ఉంటున్నారు. నేల ఇరుకైనప్పుడు దాన్ని ఎవరి కోసం, ఎలా వాడాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. ముంబయి కథలో నాకు ముఖ్యంగా కనిపించేది అదే.

అంతస్తుల మీద కట్టడి ఎందుకు పెట్టారు?

ఎఫ్‌ఎస్‌ఐ అనే మాట ముంబయిలో టీకొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది. స్థలం వెయ్యి చదరపు మీటర్లు, ఎఫ్‌ఎస్‌ఐ 1.33 అయితే, అన్ని అంతస్తులూ కలిపి 1,330 చదరపు మీటర్ల మేరకే కట్టాలి. 1960ల్లో తొలి అభివృద్ధి ప్రణాళికతో ఈ పద్ధతి వచ్చింది. 1991 నిబంధనల్లో ద్వీప నగరానికి 1.33, శివారులకు 1 అని ఖాయం చేశారు. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ వ్యాపార కేంద్రంలో ఇలాంటి సంఖ్యే 15 దాకా ఉంటుంది.

ఎందుకలా చేశారంటే, ఇళ్లు తక్కువ కడితే జనం తక్కువ వస్తారని, నీళ్లూ మురుగు కాలువలూ రైళ్లూ తట్టుకుంటాయని అనుకున్నారు. కాలువల మీద ఆ బెంగ న్యాయమైనదే. కాని జనం ఇళ్లు చూసి రారు, పని చూసి వస్తారు. పని ఉంది కాబట్టి వచ్చారు. కట్టిన అంతస్తులు పెరగనప్పుడు వచ్చినవాళ్లు ఉన్నదాన్నే పంచుకున్నారు. ఒక్కొక్కరికి దక్కే చోటు కుంచించుకుపోయి, చదరపు అడుగు ధర పైకి లేచింది.

మరి అన్ని ఆకాశహర్మ్యాలు ఎలా లేచాయి? కట్టుకునే హక్కును కొనుక్కుని. రోడ్డుకో పార్కుకో స్థలం వదిలినవాళ్లకు ఇచ్చే టీడీఆర్, మురికివాడ పునర్నిర్మాణం చేసినందుకు దక్కే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ, కార్పొరేషన్‌కూ ప్రభుత్వానికీ రొక్కం కట్టి తెచ్చుకునే ప్రీమియం. ఈ ప్రీమియాలు ఎంత బరువంటే, కోవిడ్ తర్వాత నిర్మాణాలు కదలడానికి 2021 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం వాటిని ఆ ఏడాదికి సగానికి తగ్గించాల్సి వచ్చింది. అంటే ఫ్లాటు కొనేవాడు ఇటుకా సిమెంటుతో పాటు, పై అంతస్తు వేసుకునే అనుమతికి కూడా ధర కడుతున్నాడు. 2018లో మంజూరైన 2034 ప్రణాళిక ఎఫ్‌ఎస్‌ఐని పెంచింది. పెంచిన దాంట్లో చాలా భాగాన్ని మళ్లీ కొనుక్కోవలసిందే.

హైదరాబాద్ దీనికి ఎదురు దారి పట్టింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసి, రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి కట్టుకోమంది. దానివల్ల వచ్చిన ఇబ్బందులు హైదరాబాద్‌వాళ్లకు తెలుసు. పడమటి వైపు పుట్టిన టవర్ల కింద రోడ్లు చాలడం లేదు. కాని అదే జీతానికి హైదరాబాద్‌లో రెండు పడక గదులు, ముంబయిలో ఒకటి దక్కడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

పాత భవనంలో అద్దె వందల్లో, పక్కనే వేలల్లో ఎందుకు?

గిర్‌గావ్‌లోనో దాదర్‌లోనో ఒక పాత భవనంలో నెలకు కొన్ని వందలు కట్టి ఉంటున్న కుటుంబాన్ని చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం ఫలం అది. యుద్ధకాలంలో అద్దెలు పెరిగిపోయి జనం వీధిన పడకుండా, 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెల దగ్గర వాటిని ఆపేశారు. తాత్కాలికంగా అనుకున్నది అర్ధ శతాబ్దం సాగింది. 1999లో కొత్త చట్టం చేసి, 2000 నుంచి ఏడాదికి 4 శాతం పెంచుకోనిచ్చారు. వందకు నాలుగు రూపాయలు.

అద్దె రాని భవనాన్ని యజమాని బాగుచేయడు. కిరాయికివ్వడానికి కొత్తగా ఎవరూ కట్టరు. పగ్డీ అనే పద్ధతి పుట్టింది: ముందు పెద్ద మొత్తం ఇచ్చి గదిలో చేరాలి, తర్వాత నామమాత్రపు అద్దె, ఖాళీ చేసేటప్పుడు కొత్తవాడి దగ్గర పగ్డీ తీసుకుని అందులో యజమానికి వాటా ఇవ్వాలి. అద్దెకున్నవాడు సగం యజమాని, యజమాని పేరుకే యజమాని అయ్యారు. మరమ్మతుల కోసం ప్రభుత్వం 1969లో ఒక బోర్డు పెట్టి సెస్ వసూలు చేసింది. దాని కిందికి వచ్చినవి పందొమ్మిది వేలకు పైగా భవనాలు. ప్రతి వానాకాలం వాటిలో ఏదో ఒకటి కూలుతుందేమోనని ఊరంతా బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. 2017 ఆగస్టు 31న భేండీ బజార్ దగ్గర ఒక భవనం కూలి 33 మంది చనిపోయారు. అద్దె చవకే, కాని ఆ కప్పు కింద నిద్ర చవక కాదు.

1976 పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం ఇలాంటిదే మరొకటి. ముంబయిలో ఒకరి చేతిలో 500 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదని, మిగులు తీసుకుని పేదలకు ఇళ్లు కట్టాలని దాని ఉద్దేశం. యజమానులు మినహాయింపులకు, కోర్టులకు వెళ్లారు. నేల ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేసినా మహారాష్ట్ర 2007 దాకా పట్టుకునే ఉంది.

మిల్లుల భూమి ఏమైంది?

ఇది మనవాళ్ల కథ కూడా, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు, పాలమూరు నుంచి మట్టిపని, రాతిపనివాళ్లు తరతరాలుగా ముంబయి వెళ్లారు. వర్లీ, పరేల్ చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో తెలుగు నేత కార్మికులు పనిచేశారు. చాళ్లలో, అంటే వరుసగా ఒంటి గదులున్న భవనాల్లో, ఒక గదిలో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు, షిఫ్టుల వారీగా పడక. 1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మెకు అధికారికంగా ముగింపే రాలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. చాలామంది భివండీ పవర్‌లూములకు, కొందరు ఊళ్లకు మళ్లారు.

మిల్లులు పోయాక నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలు మిగిలింది. ముంబయి ఇళ్ల గతిని మార్చగల నేల అంత పెద్ద ముక్కగా అదివరకూ దొరకలేదు, ఆ తర్వాతా దొరకలేదు. 1991 నిబంధన ప్రకారం మిల్లు స్థలాన్ని కట్టడాలకు తెరిస్తే మూడో వంతు పార్కులకూ మైదానాలకూ కార్పొరేషన్‌కు, మూడో వంతు మామూలు జనం ఇళ్లకు రాష్ట్ర గృహ సంస్థ మ్హాడాకు, మిగతాది యజమానికి. 2001లో ఆ నిబంధనలో ఒక మార్పు చేశారు: పంపకం మొత్తం స్థలానికి కాదు, అప్పటికే ఖాళీగా ఉన్న భాగానికే అని. మిల్లు అంటే స్థలం నిండా షెడ్లే కదా. పంచవలసింది కొద్దిగా మిగిలింది. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. ఇవాళ లోయర్ పరేల్‌లో ఆ స్థలాల్లో మాల్స్, ఆఫీసులు, విలాసవంతమైన ఫ్లాట్లు. మిల్లు కార్మికులకూ వారి వారసులకూ లాటరీలో కొన్ని వేల ఇళ్లు దక్కాయి, ఇంకా ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. ముంబయి అద్దె ఎందుకు ఎక్కువ అని ఎవరైనా అడిగితే, సముద్రం కంటే ముందు నేను ఆ 2001 నాటి మార్పును చూపిస్తాను.

ఖాళీ ఇళ్లు ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే. 2017–18 ఆర్థిక సర్వే చెప్పిన ప్రకారం దేశంలో ఖాళీ ఇళ్లు అత్యధికంగా ఉన్న నగరం ముంబయి, 4.8 లక్షలు. అదే ఊళ్లో 2011 జనగణన నాటికి నూటికి 41 కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయి.

తాళం వేసి ఎందుకు ఉంచుతారో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. కోటి రూపాయల ఫ్లాటుకు ఏడాది అద్దె ధరలో 3 శాతం అనుకుంటే నెలకు పాతిక వేలు. దాని కోసం అద్దెకుండేవాడు ఖాళీ చేయకపోతే ఏమవుతుందోనన్న భయాన్ని, 1947 చట్టం నేర్పిన భయాన్ని, మోయాలి. ధర ఎలాగూ పెరుగుతుంది కదా, తాళమే మేలు అనుకుంటారు.

కొనేవాడి వైపు నుంచి అదే లెక్క చూడండి. 20 లక్షలు చేతి నుంచి పెట్టి, 80 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 69 వేలు దాటుతుంది. మగవారి పేరున స్టాంపు డ్యూటీ 6 శాతం, అంటే ఇంకో 6 లక్షలు. కడుతున్న ఫ్లాటు అయితే జీఎస్టీ 5 లక్షలు. పాతిక వేల అద్దె ఇంటికి 69 వేల వాయిదా. అందుకే కొత్తగా వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే: మొదటి కొన్నేళ్లు కొనే ఆలోచన పెట్టుకోకండి. అద్దె దండగ అన్న మాట మన ఊళ్లో చెల్లవచ్చు, ఈ లెక్క ముందు నిలవదు.

మరి అంతమంది ఎలా నెట్టుకొస్తున్నారు?

రెండు రకాలుగా చెల్లిస్తున్నారు, చోటు తగ్గించుకుని లేదా దూరం పెంచుకుని. చోటు తగ్గించుకోవడమంటే ధారావిలో కింద ఒక గది, పైన ఇనుప నిచ్చెన ఎక్కితే ఇంకో గది, పైది అద్దెకిస్తారు. పెళ్లికానివాళ్లకు మంచానికి ఇంత అని పీజీలు. వన్ రూమ్ కిచెన్‌లో నలుగురు. మురికివాడ బతుకు చవక అనుకోవద్దు. కొళాయి లేని చోట డబ్బాల లెక్కన కొనే నీళ్లకు లీటరు ధర, సంపన్నులుండే మలబార్ హిల్‌లో కొళాయి తిప్పేవాళ్లు కట్టేదాని కంటే ఎన్నో రెట్లు.

దూరం పెంచుకోవడమంటే విరార్, కల్యాణ్, బద్లాపూర్. ఇంటి నుంచి స్టేషన్, రైలు, దిగి ఆఫీసు. రోజుకు మూడు నాలుగు గంటలు. ఐదు వందల లోపు పాసు వెనక దాగి ఉన్న ధర ఆ గంటలే, కొన్నిసార్లు ప్రాణాలు కూడా. ముంబయి లోకల్ మార్గాల్లో ఏటా రెండు వేలకు పైబడి మనుషులు చనిపోతున్నారు, పట్టాలు దాటుతూ, కిక్కిరిసిన పెట్టె నుంచి జారి. ఈ సంఖ్యను ఏ జీవన వ్యయ సూచీలోనూ చేర్చరు. చేర్చాలని నా అభిప్రాయం.

కొత్తగా వెళ్లేవాళ్లు ఇల్లు ఎలా చూసుకోవాలి?

ఇంటి కంటే ముందు రైలు లైను చూసుకోవాలి. ఆఫీసు బాంద్రా–కుర్లా కాంప్లెక్సులో అయితే బాంద్రా, కుర్లా రెండు వైపుల నుంచీ రావచ్చు. భార్యాభర్తలు చెరో లైను మీద పనిచేస్తుంటే, 2014లో వచ్చిన మెట్రో వన్ కలిపే ఘాట్‌కోపర్–అంధేరీ మధ్య వెతకండి, లేదా రెండు లైన్లూ కలిసే దాదర్‌కు నేరుగా చేరే చోటు చూడండి. ఫాస్ట్ లోకల్ ఆగే స్టేషన్, ఆగని స్టేషన్ మధ్య అద్దె తేడా ఉంటుంది. ఆ తేడా పెట్టదగినదే. స్టేషన్‌కు నడిచివెళ్లే ఇల్లు, షేర్ ఆటో ఎక్కాల్సిన ఇల్లు ఒకటి కాదు. వానాకాలంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

చేతిలో రొక్కం ఎంత ఉండాలంటే, మూడు నుంచి ఆరు నెలల డిపాజిట్, బ్రోకర్‌కు ఒక నెల అద్దె, మొదటి నెల అద్దె. పాతిక వేల ఇంట్లో చేరాలంటే లక్షన్నరకు తగ్గకుండా దగ్గర పెట్టుకోండి. "హెవీ డిపాజిట్" అని ఇంకొకటి ఉంది: 20 లక్షలు ఇచ్చేస్తే అద్దె ఉండదు, వెళ్లేటప్పుడు అసలు తిరిగిస్తారు. 7 శాతం వడ్డీ లెక్కన ఆ సొమ్ము నెలకు 11,600 చిల్లర తెచ్చేది; అంటే అద్దె అంతన్నమాట. లాభంగానే కనిపిస్తుంది. కాని యజమాని ఆ డబ్బును వేరే చోట పెట్టేస్తే తిరిగి రాబట్టుకోవడం మీ పని అవుతుంది. ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందేమో చూడకుండా ఒప్పుకోవద్దు.

ఒప్పందం పేరు లీవ్ అండ్ లైసెన్స్. మన దగ్గర 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అనుకునే అలవాటుంది. మహారాష్ట్రలో అది చెల్లదు. 1999 అద్దె చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఎన్ని నెలలదైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ చేయాలి, ఆ బాధ్యత యజమానిది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. డిపాజిట్ అంకె అందులో తప్పక రాయించండి.

ఇల్లు చూసేటప్పుడు కార్పెట్ ఏరియా ఎంత అని అడగండి, బ్రోకర్ చెప్పే బిల్ట్ అప్ అంకె వద్దు. నీళ్లు ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో ఎదురింటివాళ్లను అడగండి. గోడల మూలలు చూడండి. నిరుటి వానకు చెమ్మ ఎక్కిన గోడ రంగు వేసినా పట్టిస్తుంది. సొసైటీ బ్రహ్మచారులకు ఇస్తుందా, మాంసాహారులకు ఇస్తుందా అని ముందే తేల్చుకోండి. ఈ పట్టింపులు అన్యాయమే, కాని డిపాజిట్ కట్టాక తెలిస్తే నష్టం మీకే.

ఇది మారుతుందా?

కొంత మారుతోంది. 1920ల్లో కట్టిన వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో తరాలు గడిపిన 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. వర్లీలో పాతుకుపోయిన తెలుగువాళ్లు ఆశగా చూస్తున్న మార్పు ఇది. లిఫ్టులు, పంపులు ఉన్న టవర్‌లో నెలనెలా మెయింటెనెన్స్ కట్టగలమా అన్న బెంగ కూడా దాని వెంటే ఉంటుంది. 2024 జనవరిలో తెరిచిన అటల్ సేతు నవీ ముంబయి వైపు దారి వేసింది, అయితే దాని టోలు కట్టి రోజూ తిరగగలిగేది కారున్నవాళ్లే.

అద్దెకు మాత్రమే ఉండదలచినవాడి కోసం ప్రభుత్వం ఒకసారి ప్రయత్నించింది. 2008లో ముంబయి ప్రాంత అభివృద్ధి సంస్థ ఎంఎంఆర్‌డీఏ చిన్న గదులను కట్టించి చవక అద్దెకివ్వాలని పథకం పెట్టింది. బిల్డర్లకు అందుకు అదనపు ఎఫ్‌ఎస్‌ఐ ఇచ్చింది. కొన్నేళ్లకే దాన్ని అమ్మకపు ఇళ్ల పథకంగా మార్చేశారు. కట్టినవాటిలో చాలా భాగం రోడ్లకూ మెట్రోలకూ ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు వెళ్లింది. టవర్ల పునాదులు తవ్వడానికి పాలమూరు నుంచి వెళ్లే కూలీ ఇవాళ్టికీ ఆ టవర్ పక్కనే రేకుల షెడ్డులో ఉంటాడు, పని అయిపోగానే షెడ్డు తీసేస్తారు. అతనికి కావలసింది ఫ్లాటు కాదు, పని ఉన్నన్నాళ్లు నెలకు రెండు మూడు వేలకు దొరికే ఒక శుభ్రమైన గది. 2008 నాటి పథకాన్ని తిరిగి తెరవాలంటే మొదట ఆ గది దగ్గర నుంచే తెరవాలి.